తైమీ పేరు పెట్టిన చట్టం

కాగితం చదవకుండా సంతకం పెట్టి, నా భార్య పేరును ఇచ్చేసినవాణ్ణి నేనే. ఆ సంగతి మొదటే చెప్పేయాలి. ఎందుకంటే ఆ చలికాలంలో నాకు చాలామంది మీద రోత పుట్టింది. ఆ వరసలో ముందు కూచున్నవాణ్ణి నేను.

తైమీ పోయిన పదకొండో రోజున సెనేటర్ గార్త్ లూమిస్ మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో బూట్లకంటిన మంచు దులుపుకుని, రెండు చేతులతో గాజు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ట్యూనా చేప, నూడుల్స్ కలిపి ఓవెన్‌లో కాల్చిన వంటకం. మా ఊళ్లో చావింటికి అందరూ అదే తెస్తారు. అప్పటికే ఫ్రిజ్‌లో అలాంటి గిన్నెలు నాలుగున్నాయి.

"మా ఆవిడ పంపింది వెస్లీ గారూ. మీరు సరిగ్గా తినడం లేదని ఊరంతా అనుకుంటున్నారు."

"ఊరంతా వండి పంపుతుంటే తినకుండా ఎలా ఉంటానండీ," అన్నాను.

అతను నవ్వి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. తైమీ గురించి మంచి మాటలు నాలుగు చెప్పాడు. ఇరవై రెండేళ్లు ఆమె కొట్లాడిన బిల్లును ఈసారి తను గట్టెక్కిస్తానన్నాడు. దానికి ఆమె పేరే పెడతానన్నాడు. చనిపోయినవాళ్ల పేరు చట్టానికి పెట్టాలంటే మా శాసనసభలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటివాళ్లు ఒప్పుకుంటూ ఉత్తరం రాసివ్వాలి. ఆ ఉత్తరాన్ని అతనే టైపు చేయించి తెచ్చాడు. దాని కింద బిల్లు కూడా క్లిప్పు పెట్టి ఉంది, పద్నాలుగు పేజీలు. పైపేజీ మీద పెద్దక్షరాలతో ఉంది: తైమీ రౌతియో గౌరవ చట్టం. ఆ పేరు చూసేసరికి నా కళ్లకు మిగతాదేమీ ఆనలేదు.

లూమిస్ పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు. సంతకం పెట్టాను. మూత కూడా తనే తీసిచ్చాడు కదా, ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

నేను కౌంటీ కోర్టులో ముప్పైయొక్క ఏళ్లు స్టెనోగా పనిచేశాను. కోర్టులో ఎవరేమన్నా స్టెనో వేళ్లు మెషిన్ మీద కొట్టేస్తుంటాయి. ఈ పనిలో ఒక చిత్రం ఉంది. మాట చెవిలో పడి తిన్నగా వేళ్లలోకి పోతుంది, మధ్యలో మనసు దగ్గర ఆగదు. ఆగితే వెనకబడిపోతాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక హత్యకేసు రాసి ఇంటికొచ్చాక, ఇవాళ ఏం జరిగిందని అడిగితే చెప్పలేకపోయిన రోజులున్నాయి. తైమీకి అది ఒళ్లుమంటగా ఉండేది.

"నీ అంత మంచివాడు ఆ కోర్టులో లేడు వెస్. నీ అంత పనికిమాలిన సాక్షి కూడా లేడు," అనేది.

ఆమె అదే కోర్టులో వకీలు. ఆమె పట్టుకున్న పని ఒక్కటే. ప్రతి గురువారం ఉదయం మా కోర్టులో సంరక్షకుల విచారణలు జరుగుతాయి. ఫలానా ముసలామెకు మతి సరిగా లేదని ఎవరో పిటిషన్ వేస్తారు. జడ్జి ఒప్పుకుంటే ఆ రోజు నుంచి ఆమె ఎక్కడ ఉండాలో, ఏ మందు మింగాలో, ఆమెను పలకరించడానికి ఎవరు రావచ్చో అన్నీ వేరేవాళ్లు నిర్ణయిస్తారు. ఆమె సంతకం చెల్లదు. బతికుండగానే మనిషిని కాగితాల్లోంచి తీసేయడమన్నమాట. ఇంత సంగతి మా కోర్టులో కాఫీ చల్లారేలోగా తేలిపోయేది. ఆ మనిషి గదిలో ఉండేది కాదు. రాగల స్థితిలో లేదని డాక్టరు ఒక ముక్క రాసిస్తే చాలు. డాక్టర్లకు రాయడం అలవాటైపోయింది.

మనిషిని గదిలోకి తీసుకురావాలి, జడ్జి ఆమెతో నేరుగా మాట్లాడాలి, రాలేని మనిషయితే జడ్జే మంచం దగ్గరికి వెళ్లాలి అన్నదే తైమీ అడిగింది. ఇంతకంటే ఏమీ లేదు. ఈ మూడు ముక్కల బిల్లు పదకొండుసార్లు శాసనసభకు వెళ్లి, పదకొండుసార్లూ కమిటీలోనే చచ్చింది. ఆమె మాత్రం ప్రతి గురువారం వెనక బెంచీలో కూచుని, ఈతపోటీలవాళ్లు వాడే స్టాప్‌వాచ్ నొక్కి, ఒక్కో విచారణకు ఎంతసేపు పట్టిందో చిన్న అట్టల మీద రాసుకునేది. పేరు, వయసు, ఎన్ని నిమిషాలు, మనిషి గదిలో ఉందా లేదా. ఆ పిటిషన్లలో సగానికి పైగా వేసేది డగ్లస్ వాషర్ అనే వకీలు. ఆమెకు 'స్టాప్‌వాచ్ తైమీ' అని పేరు పెట్టింది అతనే. వరండాలో ఆమె ఎదురైతే తన వాచీ చూసుకుని, "ఎన్ని సెకన్లయిందమ్మా?" అని అడిగేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. నేను కూడా ఒకట్రెండుసార్లు నవ్వాను.

ఆమె ఏమీ సాధించలేదని కాదు. ముసలివాళ్లకు పంపే కోర్టు నోటీసు ఇప్పుడు మా కౌంటీలో పెద్దక్షరాల్లో వస్తుంది. ఆ అక్షరాలు పెద్దవి కావడానికి నాలుగేళ్లు పట్టింది.

సంతకం పెట్టిన రెండు వారాలకు, శనివారం మధ్యాహ్నం, రేనో ఇంటికి వెళ్లాను. రేనో తైమీ తమ్ముడు. గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. శనివారం వాళ్లింట్లో సౌనా, అంటే ఆవిరిస్నానం గది, వేడి చేస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆ చెక్కగదిలో పక్కపక్కన కూచుని చెమటలు కక్కుతున్నాం. మాట్లాడుకునేది తక్కువ. ఆ రోజు మాత్రం అతను లోపలికి వస్తూనే చేతిలో కాగితాలు తెచ్చాడు. లైబ్రరీలో అచ్చు తీయించాడట.

"బావా, నాలుగో సెక్షన్ చదివావా?"

"ఏ నాలుగో సెక్షన్?"

"అక్క పేరు పెట్టుకున్న దాంట్లో."

"చదువుతాలే."

"చదువుతావా? సంతకం పెట్టేశాక చదువుతావా? పెళ్లయ్యాక పిల్లని చూడ్డానికి వెళ్లినట్టుంది నీ యవ్వారం."

"లూమిస్ మంచివాడేరా."

"మంచివాడే. పాము కూడా చలికాలంలో మంచిదే. విను." రేనో కళ్లద్దాలు ఆవిరికి మసకబారాయి. వాటిని తీసి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు. "సదరు వ్యక్తి కోర్టుకు వచ్చుట ఆ వ్యక్తికి అసౌకర్యమని పిటిషనర్ తరఫు న్యాయవాది ధ్రువీకరించినచో, ఆ ధ్రువీకరణ పత్రమునే సదరు వ్యక్తి హాజరుగా పరిగణించవలెను."

"మళ్లీ చదువు," అన్నాను.

మళ్లీ చదివాడు. వేళ్లకు అలవాటైన భాషే అది. అలాంటివి వేలకు వేలు కొట్టాను. మనసుకు చేరడానికి రెండోసారి కావలసి వచ్చింది.

"అంటే కాగితమొస్తే మనిషొచ్చినట్టే," అన్నాడు రేనో. "ఇన్నాళ్లూ డాక్టరైనా రాయాల్సొచ్చేది. ఇక వాషర్ పిటిషనూ వేస్తాడు, ముసల్ది రావడం కుదరదనీ వాషరే రాసుకుంటాడు. దొంగే ఇల్లు దోచి, దొంగే పంచనామా రాసుకోవడం. పైన మాత్రం మా అక్క పేరు."

నేను తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాను. ఒంటి మీంచి పొగలు లేస్తున్నాయి. వట్టి కాళ్లు మంచులో ఉన్నాయన్న ధ్యాస కూడా లేదు. రేనో నా వెనక నిలబడి వీపు మీద కోటు కప్పాడు.

"తిడదామని పిలిచాను బావా. ఇలా అయితే ఎలా తిట్టను?" అన్నాడు.

సోమవారం లూమిస్ ఆఫీసుకు ఫోన్ చేశాను. అతనే పలికాడు. కోపగించలేదు, తడబడలేదు, పిల్లవాడికి నచ్చచెప్పినట్టు చెప్పాడు.

"వెస్లీ గారూ, పదకొండుసార్లు ఓడిన బిల్లండీ. కాస్త సర్దుకోకపోతే పన్నెండోసారీ ఓడుతుంది. ఆవిడ పేరుందని ముప్పైమంది ఓటేస్తామంటున్నారు. చనిపోయిన మనిషి పేరున్నదానికి ఎదురు ఓటు వేయడానికి ఎవరికి మాత్రం మొహం చెల్లుతుంది?"

"అందుకే పెట్టారా పేరు?"

"గౌరవం కొద్దీ పెట్టామండీ. మీకు అభ్యంతరముంటే రాతపూర్వకంగా పంపండి. అందగానే చూద్దాం."

అదే రోజు రాసి పంపాను. బుధవారం అడిగితే అందలేదన్నారు. ఫ్యాక్సు చేశాను. మెషిన్ పాడైందన్నారు. ఇంకో ఉత్తరం పంపాను. సార్ ప్రయాణంలో ఉన్నారన్నారు. ఓటు వచ్చే మంగళవారం. నా ఉత్తరం ఓటు అయిపోయాక బుధవారం పొద్దున వాళ్లకు దొరుకుతుందని, దొరికాక వాళ్లు ఎంతో బాధపడతారని నాకు అర్థమైంది. గొంతు పెంచలేని మనిషిని ఎలా తిప్పాలో వాళ్లకు తెలుసు. ఫోన్ పెట్టేముందు ప్రతిసారీ లూమిస్ సెక్రటరీకి థాంక్స్ చెప్పేవాణ్ణి. పెట్టేశాక నా నోరు నేనే కడుక్కోవాలనిపించేది.

ఈలోగా శుక్రవారం సంతాప సభ ఉంది. మా కౌంటీలో వకీలు పోతే పెద్ద కోర్టు హాల్లోనే సంతాపం జరుపుతారు. జడ్జి గౌను వేసుకుని బెంచీ ఎక్కుతాడు. మామూలు కోర్టు పిలిచినట్టే పిలుస్తారు. పోయినవాళ్ల మీద ఒక తీర్మానం చదువుతారు. చివర్లో ఇంటివాళ్లలో ఒకరు లేచి అందరికీ కృతజ్ఞతలు చెబుతారు. ఆ తర్వాత జ్యూరీ గదిలో కేకు, కాఫీ. స్టెనో ప్రతి ముక్కా రాస్తాడు. అది కోర్టు రికార్డే. నలభైకి పైగా సంతాపాలు నేను రాశాను.

లూమిస్ కూడా మా కౌంటీ వకీలే. ముందు వరసలో కూచుంటాడు. స్టెనో ఎదుట చేతికిచ్చిన కాగితం అందలేదనడానికి ఎవరికీ వీలుండదు. మూడో ఉత్తరం టైపు చేసి కోటు జేబులో పెట్టుకున్నాను.

కాని ఉత్తరం ఒక్కటే ఇస్తే చాలదనిపించింది. ముసలాడికి భార్య పోయి బుర్ర చెదిరిందంటారు. ఆ తర్వాత నా మీద కూడా ఒక పిటిషన్ వేయగలరు. ఏదో చెప్పాలి. గురువారం మధ్యాహ్నం తైమీ అట్టలున్న డబ్బాలు దించి, మాటల కోసం వెతుక్కుంటూ కూచున్నాను. దాదాపు రెండు వేల అట్టలున్నాయి. రెండు నిమిషాలు, గదిలో లేదు. నిమిషం నలభై సెకన్లు, గదిలో లేదు. మూడు నిమిషాలు, గదిలో ఉంది, ఎవరూ ఏమీ అడగలేదు. యాభై నాలుగు సెకన్లు, గదిలో లేదు. ఆ గురువారాలన్నీ నేను అక్కడే కూచుని ఉన్నాను.

అన్నిటికంటే అడుగున, ఒకటో నంబరు వేసిన అట్ట ఉంది. చేతిరాత తైమీదే గాని వయసులో ఉన్నప్పటిది.

'హిల్మా ఓయాల, 79. రెండు నిమిషాల పది సెకన్లు. గదిలో లేదు. వరండాలో బెంచీ మీద ఉంది. కోటు బొత్తాలు పెట్టుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, పిలుస్తారని కూచుంది. విచారణకు ముందు ఆమెను కలవాలని కోర్టు నియమించిన వకీలు తైమీ రౌతియో. కలవలేదు. వృద్ధుల నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేసి, కలిశానని రాసింది. కలిశానని జడ్జితో నోటితో కూడా చెప్పింది. బయటికొచ్చాక హిల్మా నన్నడిగింది: నా వంతు ఎప్పుడొస్తుందమ్మా?'

నాకు తైమీ ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదనుకుందేమో. ఆ రోజు స్టెనో నేనే. "కలిశానండీ" అన్న ఆమె మాటను కొట్టింది నా వేళ్లే.

శుక్రవారం పదింటికి రేనో, నేను వెళ్లాం. తలుపు దగ్గర బంట్రోతు నాకోసం రేడియేటర్ పక్క కుర్చీ అట్టిపెట్టాడు. నా మోకాళ్ల సంగతి అతనికి గుర్తుంది. అలాంటి పని ఎవరు చేసినా నేను లెక్కపెట్టుకుంటాను, ఆ రోజు మరీను. నా పాత చోట్లో రెనీ కూచుంది. ఆ పిల్లకు పని నేర్పింది నేనే. నన్ను చూసి తల వంచి, మళ్లీ మెషిన్ సర్దుకుంది.

తీర్మానం చదవడానికి లేచినవాడు డగ్లస్ వాషర్. ఆ ఏడు బార్ అసోసియేషన్ అధ్యక్షుడు అతనే. నల్ల సూటు, తెల్ల రుమాలు.

"ఈ న్యాయస్థానం తైమీ రౌతియో వల్ల మెరుగుపడింది," అని చదివాడు. "ఆమె పట్టుదల మా అందరికీ గురువు. ఏ కక్షిదారునూ ఆమె ఏనాడూ నిర్లక్ష్యం చేయలేదు. ఆమె చేతిలోని స్టాప్‌వాచ్ మాకు మా కర్తవ్యాన్ని ప్రతి క్షణం గుర్తు చేసేది."

రేనో నా చెవి దగ్గర, "ఎన్ని సెకన్లయిందో అడగనా?" అన్నాడు. మోకాలితో తట్టి ఆపాను.

జడ్జి నార్డీన్ కళ్లు తుడుచుకుంటున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. వాషర్ కూడా ఒకచోట చదవడం ఆపి రుమాలుతో కళ్లద్దుకున్నాడు, అదీ నిజమే. నటించి ఉంటే నాకంత రోత పుట్టేది కాదు. వాళ్లకు ఆమె అంటే నిజంగా ఇష్టమే. ఇరవై రెండేళ్లు ఆమె మాట వినకపోవడానికి ఆ ఇష్టం అడ్డం రాలేదు, అంతే. పురుగు తొలిచిన పండు పైకి నిగనిగలాడుతున్నట్టు ఆ హాలంతా ఆప్యాయంగా ఉంది.

"కుటుంబం తరఫున మిస్టర్ చెన్‌హాల్," అన్నాడు జడ్జి. అది నా ఇంటిపేరు, తైమీ పుట్టింటి పేరే ఉంచుకుంది.

లేచాను. మొదట అందరికీ కృతజ్ఞతలు చెప్పాను. అలవాటు ప్రకారం అందరూ తలలూపారు. తర్వాత అట్ట తీసి చదివాను. హిల్మా ఓయాల పేరు, వయసు, రెండు నిమిషాల పది సెకన్లు. వరండాలో బెంచీ. 'ఆమెను కలవాలని కోర్టు నియమించిన వకీలు తైమీ రౌతియో. కలవలేదు,' అన్న మాట దగ్గరికి వచ్చాను.

"అబ్జెక్షన్!" అన్నాడు వాషర్.

లేచి నిలబడిపోయాడు. నలభై ఏళ్ల అలవాటు. నోట్లోంచి వచ్చేశాక గాని తనెక్కడున్నాడో తెలియలేదు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"దేనికి మిస్టర్ వాషర్?" అన్నాడు జడ్జి. "ఇది సంతాప సభ."

"అంటే... యువరానర్... స్వర్గస్థురాలి ప్రతిష్ఠకు భంగం..."

"ఆవిడ చేతిరాతేనండీ," అన్నాను. "ఆవిడ ప్రతిష్ఠను ఆవిడే రాసుకుంది."

అబ్జెక్షన్ అన్నాక జడ్జి ఏదో ఒకటి తేల్చక తప్పదు. స్టెనో వేళ్లు ఆగి ఎదురుచూస్తున్నాయి. నార్డీన్ అటూ ఇటూ చూసి, "ఓవర్‌రూల్డ్. చెప్పండి," అన్నాడు.

చివరిదాకా చదివాను. 'నా వంతు ఎప్పుడొస్తుందమ్మా?' అన్న దగ్గర ఆగాను. ఇక ఎవరూ నవ్వలేదు.

"మా ఆవిడ గొప్పదని మీరంతా అన్నారు. ఒకసారి అబద్ధం ఆడిందామె, మనందరిలాగే. తేడా ఏమిటంటే ఆ ముసలామె మొహం చూసింది. చూశాక మళ్లీ మర్చిపోలేకపోయింది. మంగళవారం శాసనసభలో పాసు చేయబోయే చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. ఇక ఆ మొహం ఎవరూ చూడక్కర్లేదని ఉంది అందులో. వకీలు చేసిన సంతకమే మనిషిట. హిల్మాకు మా ఆవిడ చేసింది ఇకమీద తప్పు కాదు, పద్ధతి. దాని మీద తైమీ పేరుంది. చదవకుండా నేనే ఇచ్చాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను."

జేబులోంచి ఉత్తరం తీసి, నాలుగడుగులు నడిచి, ముందు వరసలో కూచున్న లూమిస్ చేతిలో పెట్టాను. అతను తీసుకున్నాడు. ఇంతమంది చూస్తుండగా తీసుకోకుండా ఎలా ఉంటాడు. నావైపు చూసి, ఎంతో సానుభూతితో తలూపాడు.

"సెనేటర్ గారూ, నా ఉత్తరం అందిందా?"

మళ్లీ తలూపాడు.

"నోటితో చెప్పండి. తల ఊపితే మెషిన్‌కి ఎక్కదు."

ముప్పైయొక్క ఏళ్లలో ఎన్ని వేలమంది సాక్షులతో ఆ మాట అన్నానో. లూమిస్ రెనీ వైపు చూశాడు. రెనీ చేతులు మెషిన్ మీద ఉన్నాయి, కళ్లు అతని పెదాల మీద ఉన్నాయి. ఆ పని అలాగే చేయాలి.

"ఇది సందర్భం కాదు వెస్లీ గారూ."

"అందిందా లేదా అండీ?"

"అందింది," అన్నాడు లూమిస్.

రెనీ వేళ్లు ఒక్కసారి కదిలాయి.

జ్యూరీ గదిలో కేకు మీద నీలంరంగు క్రీముతో తైమీ పేరు రాసి ఉంది. అక్షరాల మీదుగా ముక్కలు కోసి పంచుతున్నారు. అందరూ గబగబా తింటున్నారు. వాషర్ పై పెదవికి నీలంరంగు అంటుకుంది. నేను కాఫీ మాత్రం తీసుకున్నాను. నా పక్క ఎవరూ నిలబడలేదు. లూమిస్ ముందే వెళ్లిపోయాడు. పోతూ పోతూ వరండాలో నాతో అన్నాడు: "ఆవిడ పేరు చిరకాలం ఉండిపోయేది. మీ చేతులతో మీరే చెరిపేశారు. ఇంట్లో కూచుని ఆలోచించుకోండి."

జడ్జి నార్డీన్ గౌను విప్పేసి, కప్పు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఆ హిల్మా... ఆ రోజు జడ్జిగా కూచున్నది నేనేనా?"

"మీరే సర్."

"నాకేమీ గుర్తులేదు వెస్లీ."

"నాకూ లేదు. రాసింది నేనే, అయినా లేదు."

ఇంకేదో అంటాడని చూశాను. కేకు బాగుందన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం రేనో ట్రక్కులో కూచుని శాసనసభ గుమాస్తాల ఆఫీసుకు ఫోన్ చేశాను. కిటికీలోంచి మంచు గీకే బండి చప్పుడు. రేనో ఒళ్లో మాంసమూ దుంపలూ కూరి కాల్చిన పాస్టీ పొట్లం విప్పుకున్నాడు గాని తినడం లేదు. అవతల ఒక ఆడగొంతు పలికింది.

బిల్లు పాసయిందా అని అడిగాను. పాసయిందంది, వెంటనే అమల్లోకి వస్తుందంది. ఇరవై ఏడుకు పది. వాషర్‌కు కావలసిన నాలుగో సెక్షన్‌లో ఒక్క కామా కూడా కదల్లేదు.

"దాని పేరు చదివి వినిపిస్తారా?"

"చట్టం పేరా సార్?"

"పూర్తి శీర్షిక. మెల్లగా, దయచేసి."

ఆమె చదివింది. 'సంరక్షక విచారణల విధానమును సవరించుటకు, తత్సంబంధిత విషయములకు ఉద్దేశించిన చట్టము.' ఈసారి నేను ప్రతి ముక్కా విన్నాను.

"అంతేనా? ముందూ వెనకా ఎవరి పేరూ లేదా?"

"ఉండండి సార్, చూస్తాను." కాగితాలు తిప్పిన చప్పుడు. తనకు అవసరం లేకపోయినా పద్నాలుగు పేజీలూ తిరగేసింది ఆ పిల్ల. ఎవరో తెలియదు. ఆ ఓపిక నాకు మేలు చేసింది. "లేదు సార్. నిన్న సవరణ పెట్టి తీసేశారు. ఎక్కడా లేదు."

ఫోన్ పెట్టేశాను.

"ఏమంది బావా?"

"పేరు తీసేశారు. చట్టం పాసయింది."

రేనో పొట్లం డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు.

"అయితే గురువారం నుంచి వాడు కాగితాలు తెచ్చుకుంటాడన్నమాట."

"ఆరు పిటిషన్లున్నాయట ఈ వారం."

"థూ," అన్నాడు రేనో. కిటికీ దించి, బయటికి ఉమ్మి, మళ్లీ ఎక్కించాడు. "ఆరుగుర్నీ ఏ ఏ హోముల్లో పెట్టారో తెలుసా నీకు?"

"కోర్టు గోడ మీద అంటిస్తారు. పెద్దక్షరాల్లోనే."

"ఎవరూ తీసుకురాకపోతే మనం తీసుకురాకూడదని ఉందా ఆ పద్నాలుగు పేజీల్లో?"

ఆలోచించాను. ఈసారి మొత్తం చదివాను కాబట్టి నాకు తెలుసు.

"లేదు," అన్నాను.

రేనో ట్రక్కు స్టార్ట్ చేశాడు. పాస్టీలో సగం తుంచి నా చేతిలో పెట్టాడు. ఇంకా వేడిగానే ఉంది. కోర్టు వైపు తిప్పాడు.